ఉల్లంకి మామ

ఉల్లంకి పిట్ట నీటి అంచున సన్నటి కాళ్ళ మీద పరుగెడుతుంది. పరుగు ఆపాక కూడా దాని తోక ఆగదు, పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ఆ ముసలాయనకు ఉల్లంకి అని పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళే అయివుంటారు. అసలు పేరు ఒకటుండేది. అది ఉత్తరాలు పంచే మనిషికీ, తరవాత్తరవాత కోర్టు గుమాస్తాకూ మాత్రమే పనికొచ్చింది.

కోడలు ఆ ఇంటికి కాపురానికి వచ్చింది చలికాలం మొదట్లో. దర్జీపని ఆమె చేతి విద్య. పుట్టింటి నుంచి కుట్టుమిషను వెంట తెచ్చుకుంది. ఇల్లు రైలుపెట్టెలా మూడు గదులూ ఒకే వరసలో ఉండేది. వీధి గదిలో కిటికీ పక్కన మిషను పెట్టుకుంది. నడిమి గదిలో మంచాలు. వెనక వంటగది, దాని తలుపు తీస్తే గట్టు మీదికి పోయే కాలిబాట, గట్టు అవతల కనుచూపు మేర పర్ర. సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ళూ, ఆటు మీదున్నప్పుడు బురదా, మధ్యలో జమ్మూ తుంగా. మామ ఆ మూడు గదుల్లోనూ పొద్దస్తమానం నడిచేవాడు. వంటింటి గడియ తీసి, తల బయటపెట్టి, ముక్కు ఎగబీల్చి, తలుపు మూసి, వీధి గుమ్మం దాకా వచ్చేవాడు. మళ్ళీ వెనక్కి. కాలుగాలిన పిల్లి అంటారు చూడండి, అచ్చం అలాగే. మిషను తొక్కుతున్న కోడలికి ఆ అడుగుల చప్పుడు లయ తప్పించేది. కుట్టు వంకర పోయేది.

తను ఆయనకు నచ్చలేదేమో అనుకుంది. మొగుడితో అంటే, అతను అన్నం తింటూ తల ఎత్తకుండానే, “నువ్వు కాదు. గాలి. ఉత్తరపు గాలి పడేదాకా అంతే,” అన్నాడు.

తొమ్మిదో రోజున గాలి తిరిగింది. తెల్లవారుతుండగా మెలకువ వచ్చేసరికి ఇంట్లో అడుగుల చప్పుడు లేదు. మామ మంచం ఖాళీ. వారం రోజులు ఆ చప్పుడును తిట్టుకున్న మనిషికి, అది లేకపోతే ఇంకా గాభరా వేసింది. ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకు ఆయన వెనక దారిన వచ్చాడు. మోకాళ్ళ దాకా నల్లటి బురద. భుజాన గోనెసంచి. సంచి వంటగదిలో గుమ్మరిస్తే పదకొండు పరజలు, అంటే చిన్న జాతి బాతులు, ఒక పెద్ద సూదితోక బాతు. కోడలు వంగి సూదితోకను చేతిలోకి తీసుకుంది. దాని రెక్క కింద ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి చెయ్యి వెనక్కి లాక్కుంది గానీ మాట మాత్రం అనలేదు. పెళ్ళిలోనే ఆడపడుచు ఆమెను పక్కకు పిలిచి చెప్పి ఉంచింది. నాన్న ఎక్కడికెళ్తాడని అడక్కు, ఏం తెచ్చాడని అడక్కు, ఈకలు మాత్రం కాల్చకు, వాసన వీధంతా పోతుంది, పాతిపెట్టు, అని.

ఆయన మొదటినుంచీ దొంగ కాదు. ఆ పర్రలో పిట్టల వేట తాతల నాటి నుంచీ ఉన్నదే. సన్నటి దోనెలో బోర్లా పడుకుని, రెండు చేతులతో నీళ్ళు నెట్టుకుంటూ, బారుతుపాకి ముందు పెట్టుకుని, అలికిడి లేకుండా పిట్టల మంద మధ్యకు పోయేవాడట. మంచి రోజున సంచి మోయలేక రెండుసార్లు తిరిగేవాడట. పట్నం హోటళ్ళ వాళ్ళు సైకిళ్ళేసుకుని గుమ్మం ముందు నిలబడేవాళ్ళట. తరవాత ఒకనాడు గట్టు మీద అటవీశాఖ వాళ్ళు ఆకుపచ్చ బోర్డు పాతారు. పిట్టల్ని కొట్టినా పట్టినా నేరమని రాశారు. ఆ రోజుకు ఆయనకు నలభై ఆరేళ్ళు. ముందురోజు దాకా వేటగాడు, మర్నాటి నుంచి దొంగ. బురద అదే, దోనె అదే, మనిషీ అతనే. తుపాకి చప్పుడు అవుతుంది కాబట్టి దాన్ని జమ చేసేసి, వలల్లోకి దిగాడు. పిట్టలు పొలాల్లో మేసి తెల్లవారుజామున పర్రలోకి దిగే దారి ఒకటుంటుంది. ఆ దారికి అడ్డంగా గుంజలు పాతి సన్నటి వల నిలబెట్టి, తాను జమ్ములో దాక్కుని, గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు ఓ కూత కూసేవాడు. ఆకాశంలో పోయే మంద ఆ కూతకు తల వంచి కిందికి దిగేది.

ఈ సంగతులన్నీ కోడలికి ఆయనే చెప్పాడు, నడుస్తూ. మాట మొదలుపెట్టేది వీధి గదిలో, ముగించేది వంటగదిలో. చివరిది ఆమెకు వినబడేది కాదు.

మొగుడు ఐసు ఫ్యాక్టరీలో యంత్రం దగ్గర పనిచేసేవాడు. తండ్రి ఎంత కదిలే మనిషో, కొడుకు అంత కదలని మనిషి. గడియారంలాంటి మీటరు ముందు ఎనిమిది గంటలు కూర్చుని ముల్లును చూస్తూ ఉండడం అతని పని, అది అతనికి హాయిగా ఉండేది. తండ్రితో మాట్లాడేవాడు కాదు. బడిలో ఉన్నప్పుడు పంతులు పిల్లల్ని ఒక్కొక్కరినే మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడట. ఇతని వంతు వచ్చేసరికి తరగతి తరగతంతా కూడబలుక్కున్నట్టు “దొంగ” అందట. ఇంటికొచ్చి, ఈ పని మానెయ్యి నాన్నా అంటే, ఆయన నవ్వాడట. ఆ నవ్వు దగ్గర తెగిపోయాయి మాటలు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె గుండా, ఆమె పోయాక అక్క గుండా, ఇప్పుడు పెళ్ళాం గుండా. ఇద్దరూ ఒకే పీటల వరసలో కూర్చుని తింటూ, “మజ్జిగ కావాలేమో అడుగు,” అని కొడుకంటే, “వద్దని చెప్పు,” అని తండ్రి అనేవాడు. కోడలు చెప్పేలోపు మజ్జిగ గిన్నె వెనక్కి పోయేది.

ఆమె కొలతల మనిషి. అంగుళం తేడా వస్తే కుట్టు విప్పి మళ్ళీ కుట్టే రకం. ఆ ఇంట్లో ఏదీ కొలతకు అందేది కాదు. ఎంత పాతిపెట్టినా ఈకలు ఇల్లంతా ఎగిరేవి. ఒకసారి కొత్త కోటు కాలరు లైనింగులో చిన్న ఈక కుట్టుబడిపోయింది. కోటు తొడుక్కున్న పెద్దమనిషి మెడ దగ్గర ఏదో గీరుకుంటోందని వెనక్కి పట్టుకొచ్చాడు. కుట్టు విప్పితే బయటపడింది. ఇదేం కొత్త ఫ్యాషనమ్మా అన్నాడు. దిండు చిరిగిందండీ అని ఆమె అబద్ధం ఆడింది. తొణక్కుండా ఆడినందుకు తనమీద తనకే ఆశ్చర్యం వేసింది.

ఇక పర్ర గార్డు సంగతి. గట్టు పొడుగునా సైకిలు మీద తిరిగే ఒక్కగానొక్క గార్డు అతను. నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. ఉల్లంకిని వలతో సహా పట్టుకోవాలని అతనికి పదకొండేళ్ళుగా పంతం. చిత్రమేమిటంటే, అతని ఖాకీ బట్టలు కుట్టేది ఈ కోడలే. ఆ వీధుల్లో ఖాకీ గుడ్డ కుట్టడం వేరెవరికీ సరిగ్గా రాదు. నెలకోసారి ప్యాంటు పట్టుకొచ్చేవాడు. మోకాలి దగ్గరో, పిర్ర మీదో చిరిగి ఉండేది. కంచె తీగ తగిలిందనేవాడు. సరిగ్గా ఆ పొద్దున్నే మామ కూడా ప్యాంటు మిషను మీద పడేసి, తీగకు పట్టుకుందనేవాడు. రెంటికీ ఒకే రంగు బురద, ఒకే ఎత్తులో చిరుగు. ఏ తీగ కింద ఎవరు ముందు దూరారో, ఎవరు వెనక దూరారో చిరుగు వాటం చూసి ఆమె చెప్పేయగలిగేది. దొంగకు తేలు కుట్టినట్టు మామ నోరెత్తడు, దొరకని దొంగ పేరు గార్డూ ఎత్తడు. ఒక్కోసారి గార్డు వీధి గుమ్మంలో నిలబడి ఉండగానే మామ నడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చేవాడు.

“బావున్నారా పెద్దాయనా,” అనేవాడు గార్డు.

“మోకాళ్ళు నొప్పులయ్యా. నీకో?”

“నాకూ అంతేనండీ.”

ఆమె తల వంచుకుని అతుకు వేసేది. నవ్వు వచ్చేది, వెంటనే భయమూ వేసేది. ఇది ఏనాటికైనా తెగాల్సిన దారమే అని ఆమెకు తెలుసు. ఎటువైపు తెగుతుందో తెలియక ఆ మూడు నాలుగు చలికాలాలూ ఆమె మనసు మనసులో లేదు. మామ బయటికి పోతే తిరిగొచ్చేదాకా ఒక గుండీ సరిగ్గా కుట్టలేకపోయేది. ఆయన ఇంట్లో ఉంటే ఆ నడకకు తల తిరిగేది.

తెగిన రోజు పొగమంచు కమ్మింది. ఎదురింటి గుమ్మం కూడా కనబడలేదు. మామ తెల్లవారుజామున పోయాడు. మొగుడు పొద్దుటి షిఫ్టుకు వెళ్ళాడు. మంచు కాస్త పలచబడి, మామ రావాల్సిన వేళ దాటి, పక్క వీధిలో బడి గంట కూడా మోగింది. అప్పుడొచ్చాడు గార్డు. చేతిలో ప్యాంటు లేదు. సైకిలు గోడకు ఆనించకుండానే వదిలేశాడు, అది పడిపోయింది.

“మీ మామగారు ఇంట్లో ఉన్నారామ్మా?”

అబద్ధం ఆడటానికి నోరు తెరిచింది. అతని ముఖం చూసి ఆడలేకపోయింది. లేరంది.

“దోనె ఒక్కటే కొట్టుకొచ్చింది. ఖాళీగా ఉంది. ఇంకో గంటన్నరలో పోటు మొదలవుతుంది.”

ఆమె బట్టలు కత్తిరించే బల్ల మీద గుడ్డలన్నీ కింద పడదోసి, బల్ల చెక్కను కాళ్ళ మీది నుంచి ఊడబీకింది. ఆరడుగుల చెక్క. బురదలో చెక్క లేకుండా మనిషి దగ్గరికి మనిషి పోలేడని మామే ఒకసారి చెప్పాడు, వీధి గదిలోనే, కాబట్టి పూర్తిగా వినబడింది. చెక్కకు ఒక కొస ఆమె, ఒక కొస గార్డు పట్టుకుని గట్టెక్కారు.

వెతకాల్సిన పని లేకపోయింది. అవతల జమ్ముల్లోంచి కూత వినబడుతోంది. పిట్టల్ని పిలిచే కూతే. కేకలు వేస్తే ఊళ్ళో వాళ్ళు వస్తారు, పరువు పోతుంది. అందుకని ముసలాయన పిట్ట కూత కూస్తున్నాడు. ఆ కూతకు ఎవరు వస్తారనుకున్నాడో. గార్డు మాత్రం పదకొండేళ్ళుగా ఆ గొంతు కోసం చెవులు నిక్కించిన మనిషి. నేరుగా అటే నడిచాడు.

మామ మొల దాకా బురదలో దిగబడిపోయి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆయన వెనక వల ఇంకా నిలబడే ఉంది. దాన్నిండా పిట్టలు, ముప్పయ్యో నలభయ్యో, రెక్కలు కొట్టుకుంటున్నాయి. కోడలిని చూసి ఆయన ముఖం చిట్లించాడు.

“నిన్నెవరు రమ్మన్నారు?”

ఆమె చెక్కను బురద మీద పరిచి బోర్లా పడుకుని జరుగుతోంది. మోచేతుల కింద నుంచి చల్లటి నీళ్ళు జాకెట్టులోకి పాకాయి.

“కాలు పట్టి లాగొద్దమ్మాయ్. లాగితే ఇంకా పట్టేస్తుంది. పక్కల్లో తవ్వు, నీళ్ళు దూరనివ్వు,” అన్నాడు. తరవాత గార్డు వైపు తిరిగి, “నువ్వు ముందు ఆ వల కొయ్యి,” అన్నాడు.

“వల సంగతి తరవాత చూద్దాం పెద్దాయనా.”

“తరవాత పోటొస్తుంది. అంతా మునిగి చస్తాయి. చంపితే తినాలి. ముంచి పారేస్తే ఎవడికీ కాకుండా పోతాయి. కొయ్యి.”

గార్డు జేబులు తడుముకున్నాడు. కత్తి లేదు. కోడలి మెడలో కొలత టేపుతో పాటు దారాలు తెంపే చిన్న కత్తెర వేలాడుతోంది. అది విసిరింది. పదకొండేళ్ళ సాక్ష్యాన్ని గార్డు ఆ కత్తెరతో వలలో ఒక్కో కన్నూ తెంపుకుంటూ పోయాడు. పిట్టలు ఒకటీ రెండుగా లేచి, చివరికి గుంపుగా వెళ్ళిపోయాయి. మామ తల ఎత్తి వాటిని చూస్తూ ఉండిపోయాడు. ఆ కాసేపే ఆయన కదలకుండా ఉండటం ఆమె చూసింది, అదీ బురద పట్టుకుంది కాబట్టి.

ఆ తరవాత గంటసేపు తవ్వారు. పోటు నీళ్ళు పాయల్లోంచి పాముల్లా పాకుతూ వస్తున్నాయి. ఒక కాలు వచ్చింది. రెండోది వచ్చేసరికి నీళ్ళు ఆయన ఛాతీ దాకా ఉన్నాయి. చివరి ఊపులో ముగ్గురూ చెక్క మీద ఒకరి మీద ఒకరు పడ్డారు. గట్టు మీదికి చేరాక ఆయన కూర్చోలేక, నిలబడలేక, అటూ ఇటూ నాలుగడుగులు వేయబోయి కూలబడ్డాడు. మోకాళ్ళు మడత పడటం లేదు.

గార్డు తన కోటు తీసి ఆయనకు కప్పాడు. తడిసిన నోటుపుస్తకం తీసి పేజీలు విడదీశాడు. చివరికి, పొగమంచులో దారి తప్పారని రాస్తాను, వల ఎవరిదో తెలియదని రాస్తాను, ఇంటికి పొండి అన్నాడు. కోడలికి ప్రాణం లేచి వచ్చింది. మామ మాత్రం ముఖం ఎర్రగా చేసుకున్నాడు.

“నువ్వు పట్టుకున్నావని రాయి.”

“ఎందుకండీ?”

“నువ్వు పట్టుకోలేదంటే బురద పట్టుకుందని అనుకుంటారు. యాభై ఏళ్ళు తిరిగాను ఈ పర్రలో. గార్డుకు దొరికానంటే అదో లెక్క. బురదకు దొరికానంటే నలుగురిలో తలెత్తుకోగలనా?”

ఆమె ఎంత బతిమాలినా వినలేదు. పరువు పోతుందని ఆమె అంటే, ఏ పరువు అని ఆయన అడిగాడు. ఇద్దరి పరువులూ వేరువేరని ఆమెకు అప్పుడే తెలిసింది. గార్డు రాసుకున్నాడు.

కోర్టులో మేజిస్ట్రేటు, ఈ వయసులో ఈ పనేమిటని అడిగితే, ఈ వయసులో కొత్త పని ఎవరు నేర్పుతారని ముసలాయన తిరిగి అడిగాడట. మూడు నెలలు వేశారు. ఊళ్ళో ఆ కథ ఎలా పాకిందంటే, గార్డు నీళ్ళలో ఈది, వలతో సహా ఉల్లంకిని ఒంటిచేత్తో పట్టుకున్నాడని పాకింది. గార్డు కాదనలేదు, అవుననీ అనలేదు. ఆ కథ చెప్పేవాళ్ళు ఎదురైతే సైకిలు వేరే వీధికి తిప్పేవాడు. కొడుకు ములాఖాత్‌కు పోలేదు. కోడలే వారానికోసారి పోయేది. జైల్లో ఆయనకు కేటాయించిన గది నాలుగడుగులట. “నాలుగో అడుగుకు తిరగాలమ్మాయ్,” అని చెప్పి, ఇనుప వల వెనక అటూ ఇటూ ఊగుతూ నిలబడేవాడు.

తిరిగొచ్చేసరికి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. అందరూ అనుకున్నారు, ఇక కుదురుగా ఉంటాడని. కుదురు రాలేదు. కాళ్ళు పడిపోయినా ఆ తిరుగుడు ఆయన ఒంట్లో మిగతా చోట్లకు పాకింది. మంచం కోళ్ళు చేత్తో కొట్టేవాడు. దుప్పటి అంచులు పీకేవాడు. గడియ తియ్యమ్మాయ్, గాలెటుందో చూడు, అనేవాడు. ఆమె మిషను ఆపి లేచి, తలుపు తీసి, చూసి వచ్చి తూర్పనో పడమరనో చెప్పేది. ఒక్కోసారి చూడకుండానే చెప్పేది. ఆయన కనిపెట్టేసేవాడు. రోజుకు పదిసార్లు లేచి వెళ్ళడంతో ఆమెకు పని సాగక, మళ్ళీ చలికాలం మొదలయ్యాక ఒకరోజు విసుగొచ్చి, “మీ గాలి సంగతి మీ అబ్బాయిని అడగండి మామయ్యా, నాకు కాజాలు కుట్టుకోవాలి,” అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. మొగుడు నడిమి గదిలో పడుకుని ఉన్నాడు. వింటున్నాడని తెలుసు.

ఆ మర్నాడే ఉత్తరపు గాలి పడింది. మొగుడు రాత్రి షిఫ్టు దిగి పొద్దున్నే వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు మోసే మూడు చక్రాల బండి ఒకటి వీధిలో ఉంది.

“మీ మామగారిని అడుగు, బండెక్కుతాడేమో,” అన్నాడు.

“ఎక్కుతానని చెప్పు,” అన్నాడు మామ, ఆమె తల తిప్పకముందే.

గోనెలు పరిచి ఆయన్ని బండిలో కూర్చోబెట్టారు. ఐసు తడి ఇంకా ఆరలేదు. కొడుకు తొక్కాడు, ఎత్తు వచ్చినచోట ఆమె వెనక నుంచి తోసింది. గట్టు మీద ఆకుపచ్చ బోర్డు పక్కన ఆపారు. పర్ర మీద ఎండ ఇంకా పూర్తిగా పడలేదు. ఆటు నీళ్ళ మీద మందలు మందలుగా దిగి ఉన్నాయి పిట్టలు. ముసలాయన మెడ ముందుకు చాచి చూశాడు. చేతులు బండి అంచు మీద ఆగకుండా తాళం వేస్తున్నాయి. వేళ్ళు నీలంగా ఉన్నాయి. కొడుకు చాలాసేపు నేల చూపులు చూసి, చివరికి భుజం మీది తువ్వాలు తీసి పట్టుకున్నాడు.

“నాన్నా, చలేస్తోందా?”

పద్దెనిమిదేళ్ళ తరవాత ఆ మాట.

ముసలాయన తల తిప్పలేదు. “మాట్లాడకు, పిట్టలు లేస్తాయి,” అన్నాడు మెల్లగా.

కొడుకు తువ్వాలు ఆయన భుజాల మీద కప్పి పక్కన నిలబడ్డాడు. అతని దవడ కండరం ఒకటి అదురుతూ ఉండటం ఆమె చూసింది. కోపమో, నవ్వో, ఏడుపో ఆమె పోల్చుకోలేకపోయింది. ఇంటికి వచ్చాక కూడా అతను చెప్పలేదు. కానీ ఆ చలికాలం ఇంకా ఎనిమిది సార్లు బండి తెచ్చాడు. వాళ్ళు దారిలో ఏం మాట్లాడుకునేవారో ఆమెకు తెలియదు. ఆమె తోడు అక్కర్లేదన్నారు.

మామ వేసవిలో పోయాడు, ఒక మధ్యాహ్నం, గాలి ఎటుందో అడిగిన కాసేపటికి. ఆ వేళకు ఆకు కదలడం లేదు. ఏ వైపూ లేదు మామయ్యా అని ఆమె నిజమే చెప్పింది. ఆయన సరేనన్నాడు. గార్డు వచ్చి వీధిలో నిలబడి, లోపలికి రమ్మంటే రాలేదు. మోసేవాళ్ళు కదిలాక వెనకాల సైకిలు నడిపించుకుంటూ చివరిదాకా వచ్చాడు.

తరవాతి చలికాలం. ఒక పొద్దున ఆమె గుడ్డ మీద సుద్దతో గీస్తుండగా కిటికీ రెక్క టప్పున కొట్టుకుంది. గాలి తిరిగింది. ఆమె గీత సగంలో ఆపింది. మళ్ళీ గీయబోయింది. చెయ్యి సాగలేదు. లేచి, కత్తెర గుడ్డ మీదే వదిలేసి, వెనక తలుపు తీసుకుని గట్టు మీదికి పోయింది.

పిట్టలు ఉన్నాయి గానీ అప్పటి మందలు కావు. నీళ్ళలో అక్కడొకటి ఇక్కడొకటి అతుకులేసినట్టు కనబడ్డాయి. గార్డు అక్కడే ఉన్నాడు. చేతిలో పుస్తకం. ఎన్ని దిగాయో రాసి పంపమని ఆఫీసు వాళ్ళు అడిగారట. నిరుటికి సగం కూడా లేవన్నాడు.

ఆమె చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట ఒకటుంది. సంచులకొద్దీ పిట్టల్ని ఒలిచిన చేతులు ఆమెవి. ఎన్ని ఈకలు పాతిపెట్టిందో ఆమెకు తెలుసు. పెరట్లో ఎక్కడ తవ్వినా ఇప్పటికీ తేలుతుంటాయి.

“మా మామయ్య వల్లేనా?” అని అడిగింది.

గార్డు దక్షిణం వైపు కొత్తగా తవ్విన చేపల చెరువులు చూపించాడు, వాటి పంపులు చూపించాడు, జమ్ము కొట్టేసి చదును చేసిన నేల చూపించాడు. తరవాత చెయ్యి దించేశాడు.

“ఆయన పట్టినవి నాకు తెలుసమ్మా. కొన్ని నేనే చూసీ ఊరుకున్నాను. మిగతావి ఎటు పోయాయో నాకూ తెలీదు.”

ఆమెకు ఆ జవాబుతో మనసు కుదుటపడలేదు. అతనికీ పడినట్టు లేదు. పుస్తకం తెరిచి రాసినది కొట్టేసి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె ఆ కొసా ఈ కొసా గట్టు మీద నడిచింది. సూదితోక బాతు ఒకటి ఎగిరితే పోల్చుకోగలిగింది, మిగతావి పోల్చుకోలేకపోయింది. పోటు వచ్చి బురద కప్పేసేదాకా అక్కడే ఉంది. ఆ రోజు ఇస్తానన్న బట్టలు ఇవ్వలేకపోయింది.